మా పెద్దనాయన ఒంట్లో నలభైమూడో మూలకం

చదువు కొత్తగా తలకెక్కిన ఆ రోజుల్లో నా నోటికి విశ్రాంతి అనేది ఉండేది కాదు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అప్పుడే పూర్తయింది, అనంతపురంలో ఒక జూనియర్ కాలేజీలో చేరి మూడు నెలలు కూడా కాలేదు. ఎవరు ఏ పని చేస్తున్నా దాని వెనకాల ఉన్న రసాయన శాస్త్రం విప్పి చెప్పకపోతే నాకు తిన్నది అరిగేది కాదు. పెద్దమ్మ చింతపండుతో ఇత్తడి చెంబు తోముతుంటే పక్కన నిలబడి ఆమ్లాల గురించి ఉపన్యాసం ఇచ్చేదాన్ని (ఆమె మారు మాట్లాడకుండా ఇంకో చెంబు నా చేతికి ఇచ్చేది). నాయన బీడీ ముట్టిస్తే అగ్గిపుల్ల తలలో ఏముందో చెప్పేదాన్ని. పాపం, ఆయన బీడీ ఆరిపోయేదాకా వినేవాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టి "కొంచెం ఊపిరి పీల్చుకో తల్లీ" అనాలనిపిస్తుంది. ఎందుకంటే ఆ నోరే ఒక ఎండాకాలం మా పెద్దనాయన ఆఖరి బోరు మీదికి తెచ్చిపెట్టింది.

మా ఊరు శింగనమల దాటి ఇంకొంచెం లోపలికి పోతే వస్తుంది. నాయన నన్ను కాలేజీకి పంపినన్నాళ్లూ టీ అంగడి దగ్గర ఆయనకు రోజూ ఒకటే ప్రశ్న ఎదురయ్యేది. "ఆడపిల్లకు అంత చదువు యాలప్పా? ఏం చేసుకుంటాది?" నాయన నెమ్మదస్తుడు, నవ్వి టీ తాగి వచ్చేసేవాడు. ఆయన అన్న, అంటే మా పెద్దనాయన, అలాంటివాడు కాదు. "అది చదివినాక మీరే దాని ముందర చేతులు కట్టుకోని నిలబడ్తారు, చూస్తాండండి" అని అక్కడికక్కడే కసిరేవాడు. ఆయనకు రెండెకరాల చీనీ తోట ఉంది (కోస్తావాళ్లు బత్తాయి అంటారు, మా దగ్గర ఆ మాట అంటే చెట్టు కూడా పలకదు). ఆ తోట కోసం ఏడు బోర్లు వేశాడు. ఆరింటిలో దుమ్మే వచ్చింది. నీళ్లిచ్చిన ఆ ఒక్కటీ కూడా ఆ ఎండాకాలం మోటారు వేస్తే గాలి ఊదడం మొదలుపెట్టింది. చీనీ ఆకులు దోనెల్లా ముడుచుకుపోయాయి. ఎనిమిదో బోరు వేస్తాను, అదే ఆఖరిది, అందులో కూడా పడకపోతే చెట్లు కొట్టించేస్తానని పెద్దనాయన ఇంట్లో చెప్పేశాడు. ఆ మాట చెప్పిన రోజు పెద్దమ్మ సంగటి కెలుకుతూ ఏడ్చింది. ఆ చెట్లను బిందెలతో నీళ్లు మోసి పెంచింది ఆమే.

ఏడు బోర్లకూ పాయింటు చూపించింది మా ఊరి టెంకాయ తాత. అరచేతిలో టెంకాయ అడ్డంగా పెట్టుకుని పొలమంతా నడుస్తాడు. కింద నీళ్లున్న చోట టెంకాయ దానంతట అదే లేచి నిలబడుతుందని నమ్మకం. అయితే అది అందరి చేతుల్లోనూ లేవదట. "ఓ పాజిటివ్ రక్తమున్నోళ్లకే లేస్తాది" అని తాత ఖరాఖండిగా చెప్పేవాడు. మా పెద్దనాయనది బి పాజిటివ్. తన పొలంలో తన చేతిలో టెంకాయ లేవలేదన్నది ఆయనకు జీవితంలో మిగిలిపోయిన పెద్ద లోటు. బీపీ ఉందంటే కూడా అంత బాధపడలేదు.

ఇంతలో ఆయనకు నడుము నొప్పి వచ్చింది. మా డాక్టరు ఎందుకైనా మంచిదని బెంగళూరులో ఎముకల స్కాను తీయించుకోమన్నాడు. (ఫలితం ముందే చెప్పేస్తాను, మీరు కంగారు పడొద్దు: ఏమీ లేదు, వయసుతో వచ్చిన అరుగుదల, అంతే.) బోరు బండి మా ఊరికి మంగళవారం వస్తుందని మాట అయింది. స్కాను సోమవారం. చదువుకున్నదాన్ని నేనే కాబట్టి వెంట నేను బయలుదేరాను. మా మేనత్త కొడుకు బాడుగ కారు నడుపుతాడు, అందరం అతన్ని కారు బావ అంటాం. తెల్లవారుజామునే ముగ్గురం బయలుదేరి తొమ్మిదింటికల్లా ఆసుపత్రిలో ఉన్నాం.

ఆ స్కానుకు ముందు ఒక సూది వేస్తారు. ఆ సూదిలో ఉండేది టెక్నీషియం. ఆ పేరు వినగానే నాకు పూనకం వచ్చినంత పనైంది. పుస్తకంలో తప్ప ఎక్కడా చూడని మూలకం, నా కళ్ల ముందర, మా పెద్దనాయన చేతి నరంలోకి ఎక్కుతోంది! సూది వేసిన కుర్రాడు నవ్వుతూ కన్నడంలో ఒక సంగతి చెప్పాడు. సీసంతో కప్పిన చిన్న డ్రమ్ములాంటి పెట్టె ఒకటి వాళ్ల దగ్గర ఉంటుంది. లోపల మాలిబ్డినం అనే ఇంకో లోహం. అది గంటగంటకూ కొంచెం కొంచెంగా టెక్నీషియంగా మారిపోతూ ఉంటుంది. పొద్దున్నే అందులోంచి ఉప్పునీళ్లు పంపితే ఆ నీళ్లతో పాటు టెక్నీషియం దిగి వస్తుంది. అందుకని ఆ పెట్టెను వాళ్లు ఆవు అంటారు, ఆ పనిని పాలు పిండడం అంటారు. పెద్దనాయన అప్పటిదాకా సూది మీద ఆసక్తి చూపలేదు గానీ, ఆవు అనేసరికి లేచి కూర్చున్నాడు.

"రెండు పూటలా ఇస్తాదా?"

"పిండుకోవచ్చు. కానీ వారానికి వట్టిపోతుంది. మళ్లీ కొత్తది తెప్పిస్తాం."

"మా బోర్ల కంటే నయమే, వారమన్నా ఇస్తాంది" అని పెద్దనాయన నిట్టూర్చాడు.

సూది వేశాక మూడు గంటలు ఆగాలి. అది పోయి ఎముకల్లో కూర్చోవాలి కదా. నీళ్లు బాగా తాగమన్నారు. ఒంటికి పదే పదే వెళ్లమన్నారు, ఎందుకంటే మిగిలిపోయిన మందు మూత్రంలోంచే బయటికి పోతుంది. ఆ రోజుకు చిన్నపిల్లలకూ గర్భిణులకూ దూరంగా ఉండమన్నారు. అంతవరకు చెప్పి వాళ్లు వెళ్లిపోయారు. మిగతాది చెప్పడానికి నేనున్నాను. మూడు గంటలు ఏకధాటిగా చెప్పాను. మూలకాలన్నీ వరసగా పేర్చిన పట్టికలో నలభైమూడో గడి చాలాకాలం ఖాళీగా ఉండిందని, ఆ గడిలో కూర్చోవలసినదాని కోసం లోకమంతా రాళ్లు పగలగొట్టి వెతికిందని, దొరికిందని కొందరు చాటింపు వేసి నవ్వులపాలయ్యారని చెప్పాను. చివరికి ఒక యంత్రంలో మాలిబ్డినం రేకును కణాలతో కొట్టి కొట్టి దాన్ని పుట్టించారు. మనిషి తన చేతులతో చేసిన మొట్టమొదటి మూలకం అదే, దాని పేరుకే కృత్రిమం అని అర్థం. దానికి నిలకడ లేదు. ఏ రూపంలో ఉన్నా విరిగిపోతూనే ఉంటుంది. భూమి పుట్టినప్పుడు ఉన్నదంతా ఎప్పుడో కరిగిపోయింది. "కొన్ని ముసలి నక్షత్రాల్లో మాత్రం ఇప్పటికీ తయారవుతోందట పెద్దనాయనా!" అని నేను చేతులు ఊపుతూ అంటుంటే, పక్క కుర్చీలో ఉన్న ఒక పెద్దాయన లేచి వేరే వరుసలోకి వెళ్లి కూర్చున్నాడు.

స్కాను ముగిసింది. ఒంటిగంటన్నరకు తిరుగు ప్రయాణం. నీళ్లు తాగమన్నారని పెద్దనాయన రెండు పెద్ద సీసాలు కారెక్కే ముందే ఖాళీ చేశాడు. బెంగళూరు దాటాక నేను అర్ధాయువు అందుకున్నాను. ఆరు గంటలకు సగం, ఇంకో ఆరు గంటలకు మిగిలినదాంట్లో సగం, అలా తరుగుతూ పోతుంది. బావకు అర్థం కావడానికి ఓళిగల (అంటే బొబ్బట్ల) లెక్క చెప్పాను. డబ్బాలో ఉన్న ఓళిగల్లో ఆరు గంటలకోసారి సగం తింటే ఎప్పటికి అయిపోతాయి? "మామ ఉండే ఇంట్లో సగం మిగిలేది యాడ?" అన్నాడు బావ. పెద్దనాయన మాత్రం నవ్వలేదు. ఆయన కిటికీలోంచి ఎండిన పొలాలు చూస్తున్నాడు.

"పాపా, ఎముకలో దాక్కున్నది గూడా ఆ మిషన్లో కనపడ్తాదంటివే, ఎట్లా?"

"నీ ఒంట్లోంచి కిరణాలు వస్తుంటాయి పెద్దనాయనా. కండను దాటుకుని వచ్చేస్తాయి."

"ఇప్పుడు గూడా వస్తాండాయా?"

"వస్తున్నాయి."

"కిందికి గూడా? భూమిలోకి?"

"అన్ని వైపులకూ పోతాయి" అన్నాను. (శాస్త్రప్రకారం ఈ మాటలో తప్పు లేదు. ఇప్పటికీ పరీక్షలో రాస్తే మార్కులు వేస్తాను. కానీ ఎవరితో అంటున్నానో చూసుకోవాలి కదా.)

ఆయన సీట్లో నిటారుగా కూర్చున్నాడు. "టెంకాయ తాత రక్తంలో వట్టి ఓ పాజిటివే ఉండాది. నా రక్తంలో మనిషి చేసిన మూలకమే ఉండాది. అల్లుడా, తోలు బండి! పొద్దు మునగకముందే తోటలో ఉండాల." నేను నీళ్లు నమిలాను. కిరణాలకూ భూగర్భ జలానికీ సంబంధం లేదని, అలా ఎక్కడా రాయలేదని అన్నాను. "యాడా రాయలేదా? ఐతే మనమే రాస్తాం లే. కనిపెట్టింది మా పాపే అని అందరికీ చెప్తా" అన్నాడు. ఆ మాటకు నేను వెన్నలా కరిగిపోయాను. అడ్డు చెప్పవలసిన ఒక్క క్షణం అదే. దాన్ని కాస్తా సంతోషపడడానికి వాడుకున్నాను.

పెనుకొండ దాటాక టీకి ఆపాం. బావ దిగి అవతలికి వెళ్లాడు. పెద్దనాయన దిగలేదు. గడియారం చూసుకుని "మూడున్నరాయ. సగం పాయ" అన్నాడు. ఒంటికి వెళ్లవా అని అడిగితే గొంతు తగ్గించి నాకు మాత్రమే చెప్పాడు. "పోను పాపా. పోతే దాంతో అదీ పోతాదని నువ్వే చెప్తివి గదా. ఉండే సగమన్నా కాపాడుకుంటా." ఆ రెండు సీసాల నీళ్లు అప్పుడు నాకు గుర్తొచ్చాయి. రాప్తాడు వచ్చేసరికి ఆయన సీటు అంచుకు వచ్చేశాడు. అనంతపురంలో ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ ఒక దేవుడి పేరు పలికాడు. శింగనమల చెరువు పక్కన పోతున్నప్పుడు "నీళ్ల పక్కకు చూడొద్దనిపిస్తాంది" అని కళ్లు మూసుకున్నాడు. నేను నేలచూపులు చూశాను.

బావ దారిపొడుగునా ఫోన్లలో చెబుతూనే వచ్చాడు కాబట్టి, మేం దిగేసరికి తోటలో ముప్పై మందిదాకా ఉన్నారు. టీ అంగడి బృందం మొత్తం హాజరు. పెద్దమ్మ చేతిలో చీపురు పట్టుకుని పిల్లల్ని పది బారల దూరం తరుముతోంది (ఆసుపత్రివాళ్ల మాట ఆమెకు నేనే ఫోన్‌లో చెప్పాను). నాయన ఒక పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. టెంకాయ తాత మాత్రం మొహం మాడ్చుకుని పెద్దనాయన గోళ్లూ కనురెప్పల లోపలా పరీక్షగా చూశాడు. "రంగేం మారలేదే" అన్నాడు. అంత సూక్ష్మంగా ఉన్నదానికి రంగు కనిపించదు తాతా అని నేను ఉండబట్టలేక అన్నాను. అనడంతో ఆగానా? అక్కడున్న అందరికీ నలభైమూడో గడి దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పాను. టీ అంగడివాళ్లు మొదటిసారి నా మాటకు తలలూపారు. ఆ ఊపు చూసి ఇంకో పది నిమిషాలు పొడిగించాను. పెద్దనాయన మోకాళ్లు దగ్గరగా పెట్టుకుని "చాలమ్మా, తరుగుతాంది, తరుగుతాంది" అని గొణిగాడు.

నడక మొదలైంది. మొదటి సాలు వడివడిగా నడిచాడు. రెండో సాలులో అడుగులు చిన్నవయ్యాయి. మూడో సాలులో అంగుళం అంగుళం కదులుతుంటే వెనక జనం "కిరణం గుంజుతాంది, చూడప్పా" అని గుసగుసలు. చివరి చెట్టు దగ్గర, రాళ్లకుప్ప పక్కన, ఆయన ఆగిపోయాడు. నుదుటి మీద చెమట, పళ్లు బిగబట్టి ఉన్నాడు, కాళ్లు వణుకుతున్నాయి. ఇంకొక్క అడుగు వేస్తే ఏమవుతుందో ఆయనకూ నాకూ మాత్రమే తెలుసు. తాత చప్పున ముందుకు వచ్చి ఆయన అరచేతిలో టెంకాయ పెట్టాడు. వణుకుతున్న చేతిలో టెంకాయ అటూ ఇటూ దొర్లి, గిర్రున తిరిగి, నిటారుగా లేచి నిలబడింది.

జనం ఒక్కసారిగా కేక వేశారు. తాత మాత్రం నా వైపు తిరిగాడు. "ఏమ్మా ఎమ్మెస్సీ పాపా, చెప్పు. దీన్ని శాస్త్రం ఒప్పుకుంటాదా?"

అందరూ నన్నే చూస్తున్నారు. నాయన కూడా చూస్తున్నాడు. ఒప్పుకోదు అని చెప్పాలి. కిరణాలేమిటో, వణుకెందుకో, టెంకాయ ఎలా తిరిగిందో వివరించాలి. దానికి తక్కువలో తక్కువ పావుగంట పడుతుంది. పెద్దనాయన వైపు చూశాను. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. పావుగంట కాదు, పావు నిమిషం కూడా ఆయన దగ్గర లేదు. ముప్పై మంది ముందర, టీ అంగడివాళ్ల ముందర, ఆ పెద్దమనిషి పరువు నా చేతిలో ఉంది. "ఒప్పుకుంటుంది" అన్నాను. జీవితంలో నేను ఒక్క ముక్కలో ముగించిన ఏకైక ఉపన్యాసం అది. తాత అక్కడ రాయి పాతాడు, పసుపు పూశాడు. పెద్దనాయన మాత్రం నడుము నొప్పి ఉన్న మనిషి ఎవరూ పరిగెత్తలేని వేగంతో మోటారు కొట్టం వెనక్కి వెళ్లిపోయాడు. అందరూ పూజకు నీళ్లు తేవడానికి పోయాడనుకున్నారు.

మరునాడు పొద్దున బోరు బండి వచ్చి ఆ రాయి దగ్గరే నిలబడింది. ఆ రాత్రంతా నిజం చెబుదామని చెప్పలేకపోయిన నేను, ఆ పొద్దున కూడా చెప్పలేకపోయాను. చెబితే పెద్దనాయన నవ్వులపాలు అవుతాడు. చెప్పకపోతే ఆఖరి బోరు ఆయన ఉగ్గబట్టుకోలేక నిలబడిన చోట పడుతుంది. రెండు మూడుసార్లు ఆయన పక్కకు పోయి "పెద్దనాయనా..." అన్నాను. "ఏమి పాపా, దిగులు పడొద్దు, నీ మాట ఉండాదిగా" అని మిషను వైపు తిరిగిపోయాడు. రెండొందల అడుగులు, దుమ్ము. నాలుగొందల అడుగులు, తెల్లటి దుమ్ము. మా అందరి మొహాలూ పిండి జల్లెడ పట్టినట్టున్నాయి. పెద్దమ్మ చీనీ చెట్టు కాండం పట్టుకుని నిలబడింది. ఐదొందలు దాటాక నేను వేపచెట్టు వెనక్కి వెళ్లి, అన్ని దేవుళ్లకూ మొక్కుకుని, ఇక జన్మలో ఎవరికీ ఏమీ వివరించనని ప్రమాణం చేశాను (ఆ ప్రమాణం సాయంత్రం దాకా నిలిచింది). ఆరొందల దగ్గర దుమ్ము రంగు మారింది. తర్వాత బురద. తర్వాత ఎగజిమ్మిన నీళ్లు నా దాకా వచ్చి పడ్డాయి. "ఇంచిన్నర నీళ్లు!" అని బండివాళ్లు అరిచారు. పెద్దమ్మ ఆ బురద నీళ్లలోనే కూర్చుండిపోయింది. నేను ఏడ్చాను. సంతోషానికే ఏడ్చానని అందరూ అనుకున్నారు, అందులో సగం భయం తీరిన ఏడుపు.

తర్వాత కథ మా చేతుల్లో లేదు. యాడికి అనే ఊరి నుంచి ఒక దూరపు బంధువు వచ్చి ఆ సూది తనకూ వేయించమన్నాడు. ఇంకొకాయన ఆ ఆవును రెండు రోజులు బాడుగకు ఇస్తారా అని కనుక్కోమన్నాడు. టెంకాయ తాత "నాది ఓ పాజిటివ్, ఆయప్పది టెక్నీ పాజిటివ్" అని గౌరవంగా చెప్పుకు తిరిగాడు. అన్నిటికంటే విచిత్రం, ఆ జూన్‌లో టీ అంగడి ఆయనే మనవరాలిని వెంటబెట్టుకుని మా కాలేజీకి వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడి "దీనికి గూడా ఆ నలభైమూడు చెప్పు తల్లీ" అన్నాడు. ఆ ఏడు మా ఊరి నుంచి నలుగురు ఆడపిల్లలు సైన్సులో చేరారు. వాళ్లకు ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ నా చెవులు ఎర్రబడేవి.

పదేళ్లు ఆ భారం మోశాను. మొన్న వేసవిలో మా కాలేజీకి ప్రిన్సిపాల్‌ని అయ్యానని చెప్పడానికి ఊరికి వెళ్లాను. ఆ బోరు ఇప్పుడు అరఇంచే పోస్తోంది, డ్రిప్పుతో చెట్లు పచ్చగానే ఉన్నాయి. పెద్దనాయన నీడన కూర్చుని డ్రిప్పు పైపులో మట్టి దులుపుతున్నాడు. ఇక ఉండబట్టలేక చెప్పేశాను. ఆ పొద్దు శాస్త్రం ఒప్పుకోదని నాకు తెలుసు, నువ్వెందుకు ఆగావో కూడా తెలుసు, నీ పరువు పోతుందని అబద్ధం చెప్పాను, క్షమించు పెద్దనాయనా అన్నాను.

ఆయన పైపు కింద పెట్టి నన్ను వింతగా చూశాడు. "నా పరువా? నాకేముందే పరువు, మోటారు కొట్టం వెనక్కి పోయి రాగానే నవ్వుతా చెప్పేద్దామనుకుంటి. అందరూ నవ్వుకోని పోయేటోళ్లు. నువ్వే గదా అంతమందిలో ఒప్పుకుంటాదని చెప్పేస్తివి! ఇంగ నేను నిజం చెప్తే, చూడండప్పా ఎమ్మెస్సీ చదివి దీనికి ఇంతే తెలిసిందా అని మీ నాయన ముందరే నవ్వుతారు గదా."

"అందుకని ఆఖరి బోరు అక్కడ వేశావా?"

"ఏస్తి."

"ఒకవేళ నీళ్లు పడకపోయి ఉంటే?" అని అడిగాను.

"పడకుంటే నేనే పొరపాటున ఒక అడుగు అవతలకి నిలబడినా అని చెప్తుంటి. నీ చదువును తప్పు పట్టనిస్తానా?" అని, మళ్లీ పైపు చేతిలోకి తీసుకున్నాడు.

ఆయనను నేను కాపాడుతున్నానని పదేళ్లు సిగ్గుపడుతూనే లోలోపల తెగ గర్వపడ్డాను. ఆ పిల్ల మీద ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా కలుగుతుంది. అంత నోరేసుకుని తిరుగుతున్నప్పుడు కూడా దాని వెనకాల రెండెకరాల తోట పణంగా పెట్టి నిలబడిన మనిషి ఉన్నాడు, ఆ సంగతి దానికి తెలియనే తెలియదు.